ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు: కథా పాఠంలో మొదటి ఐదు నిమిషాలు ఎలా నడుపుతున్నారు?

సుద్దముక్క (అనంతపురం జిల్లా):

అందరికీ నమస్కారం. అనంతపురానికి దగ్గర్లో ఒక జెడ్పీ హైస్కూల్లో తెలుగు చెప్తున్నాను. ఆరు నుంచి ఎనిమిది దాకా తరగతులు నావే. పద్యం ఉన్న రోజు ఇబ్బంది లేదు. రాగం తీసి మొదలుపెడితే వెనక బెంచీ కూడా గొంతు కలుపుతుంది. చిక్కంతా కథ ఉన్న రోజే. మధ్యాహ్న భోజనం దగ్గర ఒకడు, రాత్రి ఎవరి దొడ్లో కుక్కలు పడి గొర్రెపిల్లను ఎత్తుకుపోయాయో చెప్తుంటే పదిమంది ప్లేట్లు పట్టుకుని కదలకుండా వింటారు. అదే పిల్లలు పుస్తకం తీసి "పాఠం ఉద్దేశం" చదవగానే కిటికీలోంచి బయటికి చూస్తుంటారు.

పాఠ్య ప్రణాళికలో ఉన్ముఖీకరణ అని, అంటే పిల్లల మనసును పాఠం వైపు తిప్పే మొదటి మెట్టు, రాస్తాం కదా. అక్కడ మామూలుగా "చిత్రం చూపించి ప్రశ్నలు అడగడం" అని ఉంటుంది. చిత్రంలో ఎవరెవరున్నారు, ఏం చేస్తున్నారు? ముందు బెంచీలో ముగ్గురు చేతులెత్తుతారు. ఎప్పుడు చూసినా ఆ ముగ్గురే.

వచ్చే వారం ఏడో తరగతికి ఒక కథ చెప్పాలి. వానలు పడని ఏడు ఒక రైతు ఎద్దుల జతను అమ్మడానికి సంతకు తోలుకుపోతాడు. వెంట కొడుకు ఉంటాడు. ఒక ఎద్దుకు కాలు నొప్పి. ఆ సంగతి దాచి తండ్రి బేరం చేస్తాడు. కొడుకు పక్కనే నిలబడి వింటుంటాడు. అక్కడి నుంచి కథ మలుపు తిరుగుతుంది. దీన్ని మీరైతే ఎలా మొదలుపెడతారు? ఎందుకు అలా? ఆటలు, పాటలు కాదు, నేరుగా కథలోకి తీసుకుపోయేవి కావాలి.

హంద్రీ గట్టు (కర్నూలు):

మేడమ్, ముందు మానాల్సింది చెప్తాను. పాఠం ఉద్దేశం మొదట చదివించకండి. "నిజాయతీ గొప్పతనాన్ని తెలియజేయడం" అని ముందే చదివేస్తే, ఆ రైతు చివరికి ఏం చేస్తాడోనన్న ఆత్రం పిల్లలకు ఇక ఎందుకుంటుంది? పరీక్షకు ఏం రాయాలో వాళ్లకు అప్పుడే తెలిసిపోయింది. రచయిత పరిచయం కూడా కథ అయ్యాకే. పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, బిరుదులు ముందు పెడితే అవి ఒక మార్కు బిట్లుగానే ఉండిపోతాయి. కథ నచ్చిన తరువాత "ఎవరు సార్ ఇది రాసింది, ఇంకేం రాసినాడు" అని వాళ్లే అడుగుతారు. అప్పుడు చెప్పిన పరిచయం గుర్తుంటుంది.

ఇక చేయాల్సింది. కథలోని చిక్కును కథ కంటే ముందే పిల్లల చేతిలో పెట్టండి. బోర్డు మీద ఒకే ఒక్క వాక్యం: "కష్టంలో ఉన్నవాడు అబద్ధం ఆడితే తప్పులేదు." ఒప్పుకునేవాళ్లు కిటికీ గోడ వైపు, ఒప్పుకోనివాళ్లు తలుపు వైపు. మధ్యలో ఎవరూ నిలబడకూడదు. నిలబడ్డాక ఒక్కొక్కరు కారణం చెప్పాలి, అవతలి కారణం నచ్చితే పక్క మారొచ్చు.

ఇది ఈ వయసుకు ఎందుకు పనికొస్తుందంటే, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు టీచర్ ముఖం చూసి జవాబు చెప్తారు. ఏడుకు వచ్చేసరికి తోటివాళ్ల ముఖం చూస్తారు. జవాబు తప్పయితే నవ్వుతారని చేయి ఎత్తరు. గోడ దగ్గరికి నడవడానికి ఆ భయం ఉండదు, పక్కన ఇంకో పదిమంది ఉంటారు కదా. పైగా ఈ వయసులో న్యాయం, అన్యాయం అన్న మాట వస్తే ఊరుకోరు. వాడికి రెండు చిక్కీలు ఇచ్చి నాకు ఒకటే ఎందుకిచ్చారని సాయంత్రం దాకా అడిగే పిల్లలు వాళ్లు. ఆ పట్టుదలను కథ మీదికి మళ్లించడమే మన పని.

రిటైర్డ్ తెలుగు అయ్యవారు (ప్రొద్దుటూరు):

పై సారు చెప్పింది బాగుంది. అయితే గోడల దాకా పోకముందే చూసుకోవాల్సింది ఒకటుందమ్మా. కథ మొదటి పేరాను టీచరు బాగా చదవాలి. చాలా తరగతుల్లో మొదటి పేరా చదివే పని వరసలో మొదట కూర్చున్న పిల్లవాడికి పోతుంది. వాడు అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతుంటే, ఎంత మంచి కథయినా అక్కడే ఆగిపోతుంది. వాడి తప్పు కాదు అది. కథలో మొదటి పేరా కష్టమైనది. ఊరు కొత్త, మనుషులు కొత్త, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియదు. ఆ గట్టు దాటించాల్సింది మనం. ముందు రోజు రాత్రి ఇంట్లో పైకి చదివి చూసుకోండి. ఎక్కడ గొంతు తగ్గించాలి, ఎక్కడ ఆగాలి, పెన్సిలుతో గీత పెట్టుకోండి. ఆగే చోటు ముఖ్యం. సంతలో కొనేవాడు "కాలికేమైనా ఉందా" అని అడిగిన చోట పుస్తకం మూసెయ్యండి. రైతు జవాబు చెప్పకముందే.

ఇంకోటి. మన అవ్వలు కథ చెప్పేటప్పుడు వినేవాళ్లు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగుతుంది. పిల్లలు నిద్రపోయారో లేదో చూసుకోవడానికే కాదు అది, వినేవాడిని కథలో పనివాణ్ని చేయడానికి. బుర్రకథలో కథకుడి పక్కన నిలబడి వంత పాడే ఇద్దరూ చేసేదీ అదే. కథకుడు ఒక మాట అంటే ఒకరు ప్రశ్న వేస్తారు, ఒకరు హాస్యం ఆడతారు. నేను తరగతిని రెండు వరుసలు చేసి, ఒక వరుస "ఆ తర్వాత?" అనాలని, ఇంకో వరుస "ఎందుకలా?" అనాలని పెట్టేవాణ్ని. "ఎందుకలా" వరుస పిల్లలు తొందరలోనే నన్ను ఇరకాటంలో పెట్టే ప్రశ్నలు వేసేవాళ్లు. నాకు అదే కావాలి.

మామిళ్లపల్లె (కడప జిల్లా):

ఆరో తరగతిలో ఊఁ బాగా పనిచేస్తుంది అయ్యవారూ. ఎనిమిదో తరగతి మగపిల్లలు మాత్రం సిగ్గుపడతారు, గొంతు మారే వయసు. వాళ్లకు మీ "ఎందుకలా" ఒక్కటే ఉంచితే చాలు.

నాపరాయి (కొలిమిగుండ్ల):

నేను కొంచెం వేరుగా చెప్తాను, ఎవరూ అనుకోవద్దు. పీరియడ్ 40 నిమిషాలు. హాజరు, నోట్సుల గోల, బయట నుంచి వచ్చే సర్క్యులర్లు పోగా చేతికి మిగిలేది 30, 32. అందులో గోడలు, అట్టముక్కలు, తెర మీద వీడియోలు అంటూ పదిహేను నిమిషాలు పోతే చదివేది ఎప్పుడు? ఒక పరిశీలన తరగతిలో కూర్చున్నాను. ఎద్దుల గురించి కథ. పెద్ద ప్యానెల్ మీద ఎడ్ల పందేల వీడియో వేశారు. పిల్లలు కేకలు, చప్పట్లు. ఆ తరువాత కథ తెరిస్తే ఒక్కడూ లేడు అందులో. వాళ్లింకా పందెంలోనే ఉన్నారు. వీడియో చూసిన పిల్లలకు కథలోని ముసలి ఎద్దు కనపడలేదు, తెర మీద ఉరికిన ఎద్దులే కనపడ్డాయి. వాళ్ల మనసులో వాళ్లు గీసుకోవాల్సిన బొమ్మను మనం ముందే గీసిచ్చేశాం.

నా లెక్క ఇది. మీరు మొదట చేసిన పనిని తీసేస్తే కథ చదివే తీరు ఏమైనా మారుతుందా? మారకపోతే ఆ పని వృథా. హంద్రీ గట్టు సార్ చెప్పిన గోడల పనిలో ఒక లోటు కూడా ఉంది. పిల్లలు తమ స్నేహితుడు ఏ గోడకు పోతే ఆ గోడకే పోతారు. ఆలోచించి పోయేవాళ్లు తక్కువ.

హంద్రీ గట్టు (కర్నూలు):

ఆ లోటు నిజమే సార్. దానికి మందు ఉంది. లేవకముందు నోటు పుస్తకం చివరి పేజీలో ఒప్పో తప్పో, ఒక్క వాక్యం కారణంతో రాయించండి. రెండు నిమిషాలు, నిశ్శబ్దంగా. రాశాక లేస్తే చాలామంది తమ మాట మీద నిలబడతారు. ఎప్పుడూ నోరెత్తని పిల్లలు కూడా రాస్తారు, అది ఇంకా పెద్ద లాభం. వీడియో విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను.

కథ అయ్యాక ఆ చివరి పేజీ మళ్లీ తీయించాలి. "ఇప్పుడు నీ మాట మారిందా? ఏ వాక్యం దగ్గర మారింది? ఆ వాక్యం చదివి వినిపించు." ఇది లేకపోతే మొదటి పని మీరన్నట్టు వృథానే. ఇది ఉంటే మాత్రం పిల్లలు కథంతా ఆ ప్రశ్నను పట్టుకునే చదువుతారు. బేతాళుడు కథ చివర ప్రశ్న వేస్తాడు కదా, మనం దాన్ని తెచ్చి ముందు పెడుతున్నాం.

తొలకరి (తుగ్గలి మండలం):

మాకు తొలకరి అంటే ఒక్క విత్తనాల కాలమే కాదు. మొదటి వాన పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పక్క చేలల్లో జనం వజ్రాల కోసం వంగి వెతుకుతుంటారు. వేరే జిల్లాల నుంచి కూడా వచ్చి చెట్ల కింద ఉంటారు. జూన్‌లో బడి తెరిచేది కూడా అప్పుడే. మా పిల్లల్లో సగం మంది సెలవు రోజుల్లో చేలల్లోనే ఉంటారు. ఏదైనా దొరికి దాచుకునే కథ, గుట్టు కాపాడే కథ వచ్చినప్పుడు నేను పుస్తకం పేరు ఎత్తను. ఒకటే అడుగుతాను: "చేలో ఒక రాయి మెరిసింది. చేను మీది కాదు. చుట్టూ ఇరవై మంది ఉన్నారు. మొదట ఎవరికి చెప్తావు?"

ఒకడు "ఎవరికీ చెప్పను సార్, నోట్లో పెట్టుకుంటా" అంటాడు. ఒక పిల్ల "మా నాయనకు చెప్పను, మా అమ్మకు చెప్తా" అంది. ఎందుకని ఎవరూ అడగలేదు, అందరికీ అర్థమైంది. ఇంకొకడు "చేను వాళ్లకు చెప్పాల, నేల వాళ్లది కదా" అంటే నలుగురు వాడి మీద పడ్డారు. ఇదంతా అయిదు నిమిషాలే. తరువాత "సరే, ఈ కథలో పిల్లకు కూడా ఒకటి దొరికింది, ఆ పిల్ల ఎవరికి చెప్పిందో చూద్దాం" అని మొదటి పేజీ తెరుస్తాను. ఆ మాట తరువాత పుస్తకం తెరవమని చెప్పే పని ఉండదు.

అందుకని నా సలహా: "అబద్ధం తప్పా ఒప్పా" లాంటి పెద్ద మాట కంటే చోటు, మనుషులు ఉన్న ప్రశ్న మేలు. మీ కథకైతే ఇలా అడగండి. ఎమ్మిగనూరు సంతలో మీరు ఎద్దును కొంటున్నారు. అమ్మేవాడి పక్కన పిల్లాడు తల దించుకుని ఉన్నాడు. మీకేమైనా అనుమానం వస్తుందా?

కడప గడప:

నేను టీచర్ని కాదు, ఎనిమిదో తరగతి చదివే పాప తల్లిని. మీ చర్చ చదువుతుంటే ఒకటి చెప్పాలనిపించింది. మా పాప ఇదివరకు చదివిన బడిలో అప్పుల గురించిన కథ చెప్పే ముందు "ఎవరింట్లో అప్పులున్నాయో చేతులెత్తండి" అని అడిగారు. పిల్లలను కథకు దగ్గర చేయాలనే అడిగి ఉంటారు, నాకు తెలుసు. మా పాప చేయి ఎత్తలేదు. ఆ ఏడు మా పరిస్థితి బాగాలేదు. ఇంటికొచ్చి "నేను క్లాసులో అబద్ధం చెప్పినానమ్మా" అని రాత్రి అన్నం తినలేదు. కరువు, అప్పు, గొడవలు, తాగుడు, ఇవన్నీ మన పల్లెల్లో కథల్లోనే కాదు, ఇళ్లల్లో కూడా ఉన్నాయి. పిల్లల సొంత బతుకు నుంచి మొదలుపెట్టమని అందరూ అంటారు. నలభై మంది ముందు దాన్ని బయటపెట్టించకుండా మొదలుపెట్టండి, దయచేసి.

సుద్దముక్క (అనంతపురం జిల్లా):

అక్కా, ఇది చెప్పినందుకు నిజంగా కృతజ్ఞతలు. "మీ ఇంట్లో ఎద్దులు అమ్మిన వాళ్లెవరు" అన్నది నా ప్రశ్నల్లో ఒకటి. తీసేస్తున్నాను.

రిటైర్డ్ తెలుగు అయ్యవారు (ప్రొద్దుటూరు):

కథకున్న పెద్ద సౌకర్యమే అది తల్లీ. "మీ నాయన" అనకుండా "ఆ రైతు" అనొచ్చు. పిల్లవాడు తన సంగతే ఆ రైతు మీద పెట్టి చెప్పుకుంటాడు, ఎవరికీ తెలియదు. ప్రశ్న ఎప్పుడూ పాత్ర మీద అడగండి. తన గురించి చెప్పాలనిపించిన పిల్లవాడు అడక్కపోయినా చెప్తాడు. రాయించేటప్పుడు కూడా "ఈ పేజీ నేను చూడను" అని ముందే మాటివ్వండి, ఇచ్చాక చూడకండి.

దీపస్తంభం (ధర్మవరం, డైట్‌లో టీచర్ శిక్షణ తీసుకుంటున్న విద్యార్థిని):

అందరికీ నమస్కారం. ప్రాక్టీస్ టీచింగ్‌లో చేస్తున్న ఒక పద్ధతి చెప్తాను, పెద్దలు సరిచేయాలి. మాకు దగ్గర్లోనే నిమ్మలకుంట ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టాక అది శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చింది. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. చిన్నప్పుడు ఆ ఆటలు చూశాను. నీడ పడగానే అది ఎవరు, ఏం చేయబోతున్నారు అని తెర ముందు కూర్చున్న అందరూ ఊహించడం మొదలుపెడతారు. మధ్యలో నిద్ర ముంచుకొస్తుంటే నవ్వించే బొమ్మలు కేతిగాడు, బంగారక్క వచ్చి లేపుతారు.

తరగతిలో ఒక తెల్ల దుప్పటి, సెల్‌ఫోన్ టార్చి, పాత అట్టపెట్టెలో కత్తిరించిన బొమ్మలు చాలు. కిటికీలు మూయాలి. మేడమ్ గారి కథకైతే నాలుగు బొమ్మలు: మనిషి, పిల్లాడు, రెండు ఎద్దులు. మాట లేకుండా తెర ఈ చివర నుంచి ఆ చివరకు నడిపిస్తాను. రెండో ఎద్దును కొంచెం కుంటిస్తూ. నేనేమీ చెప్పను. "ఏం చూశారు, రాయండి" అంటాను. కుంటడం కొందరు పట్టుకుంటారు, కొందరు పట్టుకోరు, అక్కడే వాదన మొదలవుతుంది. తరువాత సంతలో తండ్రి "ఏ లోపం లేదు" అనగానే తరగతి తరగతంతా "అబద్ధం!" అంటుంది. కొనేవాడికి తెలియనిది వాళ్లకు తెలుసు. ఆ కొడుకు ఎక్కడ నిలబడ్డాడో పిల్లలు కూడా అక్కడే నిలబడతారు.

నాపరాయి (కొలిమిగుండ్ల):

అమ్మా, సరిచేయడానికి ఏమీ లేదు. నేను పైన అడిగిన లెక్కకు ఇది నిలుస్తుంది. నీడలు తీసేస్తే సంత దగ్గర ఆ "అబద్ధం" అన్న కేక రాదు. నీడ కాబట్టి ఎద్దు రంగు, ముఖం పిల్లలే ఊహించుకోవాలి, వీడియోతో వచ్చే నష్టం కూడా లేదు. ఒక్కటి మాత్రం చూసుకో, కుంటు ఎక్కువ చేయొద్దు. అందరికీ కనపడితే వాదన ఉండదు.

కొత్త టీచర్ (ఆదోని దగ్గర):

ఇన్ని మంచి మాటల మధ్య నాది వేరే సమస్య. మా తరగతిలో ఇళ్లల్లో కన్నడ మాట్లాడేవాళ్లు చాలామంది. ఉర్దూ వాళ్లున్నారు. ఈ మొదటి ఐదు నిమిషాల చర్చల్లో తెలుగు బాగా వచ్చినవాళ్లే మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు. ఇంకోటి, దసరా దాటాక కోసిగి, మంత్రాలయం పక్క కుటుంబాలు పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. పిల్లలు కొందరు వెంట పోతారు. కథ సగంలో ఉండగా పోయేవాళ్లు, సగంలో ఉండగా వచ్చేవాళ్లు. వాళ్లకు మొదలు ఎక్కడ?

తొలకరి (తుగ్గలి మండలం):

మొదటిదానికి నేను చేసేది చెప్తాను. ప్రశ్న వేశాక వెంటనే జవాబు అడగను. పక్కవాడితో ఒక నిమిషం ఏ భాషలోనైనా మాట్లాడుకోమంటాను, కన్నడ, ఉర్దూ, లంబాడీ, ఏదైనా సరే. తరువాత తన మాట కాదు, పక్కవాడి మాట చెప్పాలి. "వీడేమంటాడంటే" అని మొదలుపెట్టాలి. తన మాట చెప్పడానికి భయపడే పిల్ల కూడా పక్కదాని మాట ధైర్యంగా చెప్తుంది. తెలుగులో మాట దొరక్కపోతే కన్నడ మాటే బోర్డు మీద తెలుగు లిపిలో రాస్తాను. కథలో ఆ మాటకు తెలుగు వచ్చినప్పుడు వాళ్లే పట్టుకుంటారు.

బొమ్మలు కూడా మీకు బాగా పనికొస్తాయి. ధర్మవరం చెల్లెలు చెప్పిన నీడలకు భాష అక్కర్లేదు.

సుద్దముక్క (అనంతపురం జిల్లా):

సోమవారానికి అనుకున్నది రాస్తున్నాను, ఏమైనా తేడా ఉంటే చెప్పండి. పుస్తకాలు మూసే ఉంటాయి. నీడలు ఒక నిమిషం. "ఏం చూశారు" చివరి పేజీలో రెండు నిమిషాలు. పక్కవాడి మాట చెప్పడం రెండు నిమిషాలు. ఎవరు కరెక్ట్ అని నేను చెప్పను. వెంటనే మొదటి పేరా నుంచి నేనే చదువుతాను, కొనేవాడి ప్రశ్న దగ్గర ఆగుతాను. "రైతు ఏమంటాడు?" అని ఒక్క వాక్యం రాశాక వాళ్లే చదువుకుంటారు. గోడల పని మాత్రం కథ అయ్యాక పెడుతున్నాను, అప్పటికి వాళ్ల దగ్గర కారణాలుంటాయి. ఉద్దేశం, రచయిత పరిచయం మరుసటి రోజు. ప్రణాళికలో ఉన్ముఖీకరణ కింద "నీడబొమ్మలు చూసి ఊహించి రాయడం, మాట్లాడడం" అని రాస్తే తనిఖీకి వచ్చినవాళ్లు ఒప్పుకుంటారా?

మామిళ్లపల్లె (కడప జిల్లా):

ఎందుకు ఒప్పుకోరు? వినడం, మాట్లాడడం, రాయడం మూడూ వచ్చాయి అందులో. పిల్లలు రాసిన ఊహల్లో నాలుగైదు, వాళ్లు సరేనంటేనే, పేర్లు లేకుండా ప్రణాళిక వెనక అంటించి పెట్టండి. అడిగితే చూపించొచ్చు.

హంద్రీ గట్టు (కర్నూలు):

కొత్త టీచర్ గారి రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది. కథ ఒక పీరియడ్‌లో అయిపోదు. రెండో రోజుకు కూడా మొదలు కావాలి, దాని గురించి మనం మాట్లాడనే లేదు. నిన్న ఏం జరిగిందో నేను చెప్పను. నిన్న రానివాళ్లను, ఊరి నుంచి కొత్తగా వచ్చినవాళ్లను ముందు నిలబెట్టి, వచ్చినవాళ్లను అడగమంటాను. "ఎద్దు ఎవరిది? ఎందుకు అమ్ముతున్నాడు? పిల్లాడు ఎందుకు మాట్లాడలేదు?" అడిగేది రానివాళ్లు, చెప్పేది వచ్చినవాళ్లు. చెప్పేవాళ్లలో ఒకడు తప్పు చెప్తే ఇంకొకడు "కాదురా, ముందు బేరం అయింది, తరువాత కదా" అని సరిచేస్తాడు. చదివిన కథ వాళ్లకు ఇంకోసారి చదివినంత అవుతుంది. అంతా విన్నాక కొత్తగా వచ్చిన పిల్లను అడుగుతాను, "ఇప్పుడు చెప్పు, రైతు ఏమంటాడనుకుంటున్నావు?" ఆ పిల్ల ఊహ మిగతావాళ్లకు తట్టనిది అయ్యుంటుంది చాలాసార్లు. సుగ్గి నుంచి వచ్చిన పిల్లలు సంతలు, బేరాలు, కూలి లెక్కలు మన తరగతిలో అందరికంటే దగ్గరగా చూసి ఉంటారు. ఈ కథకైతే కొనేవాడి ప్రశ్న వాళ్లచేతే చదివించండి మేడమ్.